ట్రిగ్గర్ స్టాక్ మీద ఉండగానే కార్డు పోతే ఏమవుతుంది? ఆబ్లివియన్ రింగ్ తగాదా

ఉప్పల్_ప్లేయర్ | ఆదివారం ఉదయం 9:12

అందరికీ నమస్తే. మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో ఒక సందేహం. నిన్న సాయంత్రం ఆటలో నేను ఆబ్లివియన్ రింగ్ వేశాను. అది దిగగానే దాని ఎబిలిటీతో ఎదుటివాడి డ్రాగన్‌ని టార్గెట్ చేశాను. అతను వెంటనే డిసెన్‌చాంట్ వేసి రింగ్‌నే పగలగొట్టాడు. "రింగే లేదు, ఇంక డ్రాగన్‌ని ఏం చేస్తావు, అది ఇక్కడే ఉంటుంది" అన్నాడు. పక్కనున్నతను "కాదు, డ్రాగన్ వెళ్ళి వెంటనే తిరిగి వస్తుంది" అన్నాడు. అది వెళ్ళిపోతుంది, ఇక తిరిగి రాదు అని నా వాదన. ముగ్గురం మూడు మాటల మీద నిలబడ్డాం, ఆట అక్కడే ఆగిపోయింది.

కార్డు మీద రెండు ముక్కలు ఉన్నాయి. ఒకటి, రింగ్ దిగినప్పుడు ల్యాండ్ (ఖర్చుకి వనరులిచ్చే కార్డు) కాని ఇంకో పర్మనెంట్‌ని (బోర్డు మీద నిలిచి ఉండే కార్డుని) ఎగ్జైల్ చెయ్యి, అంటే ఆట బయటికి పంపు. రెండు, రింగ్ బ్యాటిల్‌ఫీల్డ్ (బోర్డు) వదిలి వెళ్ళినప్పుడు ఆ ఎగ్జైల్ అయిన కార్డుని బోర్డు మీదకే దాని ఓనర్‌కి తిరిగి ఇవ్వు. ఏది కరెక్టో, ఎందుకో కూడా చెప్పండి. ఊరికే జవాబు చెబితే మావాళ్ళు ఒప్పుకోరు.

నీలిదీవి | ఆదివారం ఉదయం 9:40

నువ్వు చెప్పిందే కరెక్ట్ తమ్ముడూ. డ్రాగన్ పోతుంది, మళ్ళీ రాదు. వరసగా చూద్దాం.

రింగ్ దిగింది. మొదటి ఎబిలిటీ ట్రిగ్గర్ అయ్యి (దానంతట అదే మొదలై) స్టాక్ (జరగాల్సినవి ఒకదాని మీద ఒకటి పేర్చే వరస) మీదకి వెళ్ళింది. టార్గెట్ ఎంచుకునేది ఆ ఎక్కే సమయంలోనే, కాబట్టి డ్రాగన్ పేరు అప్పుడే ఖాయమైంది. ఇప్పుడు అతను డిసెన్‌చాంట్ వేశాడు. స్టాక్‌లో చివర వచ్చింది ముందు జరుగుతుంది, కాబట్టి డిసెన్‌చాంట్ ముందు రిజాల్వ్ అయి (అమలై) రింగ్ గ్రేవ్‌యార్డ్‌కి (వాడేసిన, చచ్చిన కార్డుల కుప్పకి) పోయింది. వెళ్ళింది కాబట్టి రెండో ఎబిలిటీ ట్రిగ్గర్ అయ్యింది. అది ఎక్కడికి వెళ్తుంది? మొదటి ట్రిగ్గర్ ఇంకా స్టాక్ మీదే కూర్చుని ఉంది, దాని పైకి ఎక్కుతుంది. పైన ఉంది కాబట్టి ఇదే ముందు రిజాల్వ్ అవుతుంది. "ఎగ్జైల్ అయిన కార్డుని తిరిగి ఇవ్వు" అంటుంది. ఇంతవరకు ఏదీ ఎగ్జైల్ కాలేదు, కాబట్టి ఏమీ జరగదు. ఆ తర్వాత మొదటి ట్రిగ్గర్ రిజాల్వ్ అయి డ్రాగన్‌ని ఎగ్జైల్ చేస్తుంది. తిరిగి తెచ్చే ఎబిలిటీ అప్పటికే ఖర్చయిపోయింది.

మీ స్నేహితుడు తడబడుతున్నది ఒక్క చోటే. ట్రిగ్గర్ ఒకసారి స్టాక్ ఎక్కాక అది కార్డుతో సంబంధం లేని వేరే వస్తువు. ఉత్తరం పోస్టు డబ్బాలో పడ్డాక రాసినవాడు ఊళ్ళో ఉన్నా లేకపోయినా అది చేరుతుంది, ఇదీ అంతే. డిసెన్‌చాంట్ రింగ్‌ని ఆపుతుంది, బయల్దేరిన ట్రిగ్గర్‌ని ఆపదు.

అతను చేయాల్సిందల్లా ఓపిక పట్టడం. ముందు డ్రాగన్‌ని పోనిచ్చి, తర్వాత ఎప్పుడైనా రింగ్‌ని పగలగొడితే డ్రాగన్ తిరిగి వస్తుంది. వచ్చేది మాత్రం కొత్త వస్తువుగానే. మీద ఉన్న కౌంటర్లు (గుర్తు బిళ్ళలు) ఉండవు, ఆరాలు (దానికి తగిలించిన కార్డులు) ఉండవు. హేస్ట్ (దిగిన టర్న్‌లోనే ఎటాక్ చేసే శక్తి) లేకపోతే వచ్చిన వెంటనే ఎటాక్ కూడా చేయలేదు.

రవ్వదోశ_88 | ఆదివారం ఉదయం 10:05

ఇది చాలా అన్యాయంగా ఉందండి. ఎదుటివాడు సరైన సమయంలో సరైన కార్డు వేస్తే అతనికే నష్టమా?

గోదారి_గ్రీన్ | ఆదివారం ఉదయం 10:31

@రవ్వదోశ_88 మీ బాధ డిజైనర్లకి కూడా అనిపించినట్టుంది. ఆబ్లివియన్ రింగ్ మొదట వచ్చింది 2007లో లోర్విన్ సెట్‌లో. 2013లో మ్యాజిక్ 2014 కోర్ సెట్‌లో బానిషర్ ప్రీస్ట్ అనే కార్డు వచ్చింది. దాంట్లో రెండు ట్రిగ్గర్లు ఉండవు, ఒకటే ఉంటుంది: ఇది బ్యాటిల్‌ఫీల్డ్ వదిలి వెళ్ళేదాకా ఎదుటివాడి క్రీచర్‌ని ఎగ్జైల్ చెయ్యి. "వెళ్ళేదాకా" అన్న గడువు ఎబిలిటీలోనే ఉంది. ట్రిగ్గర్ రిజాల్వ్ అయ్యేలోపే ప్రీస్ట్ చచ్చిపోతే గడువు అప్పటికే ముగిసిపోయినట్టు, కాబట్టి క్రీచర్ అసలు కదలదు. ఆ మరుసటి ఏడాది వచ్చిన బానిషింగ్ లైట్ కూడా ఇలాంటిదే. మీ టేబుల్ మీద ఉన్నది బానిషింగ్ లైట్ అయ్యుంటే ఆ డ్రాగన్ ఓనర్ మాటే నెగ్గేది.

రింగ్‌ది ఇంకో ఇబ్బంది కూడా ఉంది. దాని మొదటి ఎబిలిటీ తప్పనిసరి, వద్దు అనుకునే వీల్లేదు. బోర్డు మీద రింగ్‌లు తప్ప ల్యాండ్ కాని పర్మనెంట్ ఇంకేదీ లేదనుకోండి. మొదటి రింగ్ ఉంది, రెండోది దిగి మొదటిదాన్ని ఎగ్జైల్ చేస్తుంది. మూడోది దిగి రెండోదాన్ని ఎగ్జైల్ చేస్తే మొదటిది తిరిగి వస్తుంది, అది మూడోదాన్ని పంపిస్తుంది, దాంతో రెండోది వస్తుంది, అది మొదటిదాన్ని పంపిస్తుంది. ఇక దీనికి అంతం లేదు. ఎవరూ ఆపలేని తప్పనిసరి లూప్ కాబట్టి రూల్స్ ప్రకారం ఆట డ్రా.

నాకు మాత్రం పాత రింగే ఇష్టం. కార్డు చదివి, స్టాక్ ఊహించుకుని, సమయం చూసి కొట్టడంలోనే ఈ ఆట ఉంది.

ఉప్పల్_ప్లేయర్ | ఆదివారం ఉదయం 11:20

నీలిదీవి అన్నా, థాంక్స్. పోస్ట్ మావాళ్ళకి చూపించాను, ఒప్పుకున్నారు. ఇప్పుడు ఇంకో ప్రశ్న వచ్చింది. నాకు 2 లైఫ్ ఉంది. ఎదుటివాడు రెండు 2/2 క్రీచర్లతో (2 డ్యామేజ్ కొట్టి, 2 తగిలితే చచ్చేవి) ఎటాక్ చేశాడు. నా దగ్గర బ్లడ్ ఆర్టిస్ట్ (ఏ క్రీచర్ చచ్చినా ఒక ప్లేయర్‌కి 1 లైఫ్ పోయి నాకు 1 వస్తుంది) ట్యాప్ అయి ఉంది, బ్లాక్‌కి పనికిరాదు, ఇంకో 2/2 ఖాళీగా ఉంది. దాంతో ఒకదాన్ని బ్లాక్ చేస్తే రెండూ చస్తాయి. బ్లడ్ ఆర్టిస్ట్‌కి రెండు ట్రిగ్గర్లు, అంటే నాకు 2 లైఫ్ వస్తుంది. బ్లాక్ చేయని దానివల్ల 2 పోతుంది. పోయింది 2, వచ్చింది 2. బతికినట్టేనా?

నీలిదీవి | ఆదివారం ఉదయం 11:58

బతకవు. ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం, ఎందుకంటే టైమింగ్ రూల్స్‌లో ముఖ్యమైనదంతా ఇక్కడే ఉంది.

ట్రిగ్గర్ అవడం, స్టాక్ ఎక్కడం, రిజాల్వ్ అవడం. ఈ మూడూ మూడు వేర్వేరు క్షణాలు. గొడవల్లో చాలావరకు వీటిని ఒకటిగా అనుకోవడం వల్లే వస్తాయి. సంఘటన జరగ్గానే ఎబిలిటీ ట్రిగ్గర్ అవుతుంది, కానీ ఆ క్షణంలో పైకి ఏమీ కనపడదు. అది ఊరికే ఎదురుచూస్తూ ఉంటుంది. ఎవరో ఒక ప్లేయర్‌కి ప్రయారిటీ (కార్డు వేసే అవకాశం) రాబోతున్నప్పుడు మాత్రమే అది స్టాక్ ఎక్కుతుంది. ప్రయారిటీ ఇచ్చే ముందు ఆట ఇంకో పని చేస్తుంది. దాన్ని స్టేట్ బేస్డ్ యాక్షన్స్ అంటారు. లైఫ్ 0 లేదా అంతకంటే తక్కువ ఉన్నవాళ్ళు ఓడిపోతారు, చావాల్సినంత డ్యామేజ్ తగిలిన క్రీచర్లు చస్తాయి, ఇలాంటివన్నీ ఒకే దెబ్బలో జరుగుతాయి. ఇవి స్టాక్ ఎక్కవు, వీటికి ఎవరూ రెస్పాండ్ అవలేరు. ఇవి చేయడానికి ఏమీ మిగలనంతవరకు మళ్ళీ మళ్ళీ చూసి, ఆ తర్వాతే ఎదురుచూస్తున్న ట్రిగ్గర్లని స్టాక్ మీద పెడతారు.

నీ ఆటలో చూడు. కాంబాట్ డ్యామేజ్ అంతా ఒకేసారి తగిలింది. నీ లైఫ్ 0. స్టేట్ బేస్డ్ యాక్షన్స్ చూసేటప్పుడు రెండు క్రీచర్లు చావడం, నువ్వు ఓడిపోవడం రెండూ ఒకేసారి జరిగాయి. బ్లడ్ ఆర్టిస్ట్ ట్రిగ్గర్ అయితే అయింది కానీ స్టాక్ ఎక్కే లోపే ఆట అయిపోయింది.

అదే నీ 2/2 కి లైఫ్‌లింక్ (కొట్టినంత లైఫ్ నీకు రావడం) ఉండి ఉంటే బతికేవాడివి. లైఫ్‌లింక్ ఇప్పుడు ట్రిగ్గర్ కాదు. డ్యామేజ్‌తో పాటే లైఫ్ వస్తుంది. స్టేట్ బేస్డ్ యాక్షన్స్ చూసే సమయానికి నీకు 2 ఉంటుంది. 2009కి ముందు లైఫ్‌లింక్ కూడా ట్రిగ్గరే, అప్పట్లో అయితే అలా కూడా బతికేవాడివి కాదు.

గోదారి_గ్రీన్ | ఆదివారం మధ్యాహ్నం 12:25

2009 అంటే మ్యాజిక్ 2010 రూల్స్ మార్పు. అప్పుడే కాంబాట్ డ్యామేజ్‌ని స్టాక్ మీద పెట్టడం ఆపేశారు. అంతకు ముందు డ్యామేజ్ స్టాక్ మీద ఉండగా మాగ్ ఫనాటిక్ అనే క్రీచర్‌ని మనమే శాక్రిఫైస్ (బలి) చేసేవాళ్ళం. కాంబాట్‌లో 1, దాని ఎబిలిటీతో 1, రెండూ తగిలేవి. ఇప్పుడు రెండిట్లో ఏదో ఒకటే. ఆ మార్పు మీద అప్పట్లో చాలా మంది కోప్పడ్డారు. నిజం చెప్పాలంటే ఆట అర్థవంతంగా మారింది, చచ్చినవాడు కొట్టడం ఎవరికీ నచ్చజెప్పలేం.

అసలు ఈ స్టాక్ వచ్చిందే 1999లో, సిక్స్త్ ఎడిషన్ రూల్స్‌తో. ఆట మొదలైంది 1993లో. మధ్యలో ఆరేళ్ళు ఇంటరప్ట్ అని వేరే రకం కార్డులు ఉండేవి, వాటికి వేరే వేగం. కొత్తవాళ్ళకి నేర్పడం నరకం.

చైన్‌లింక్_వన్ | ఆదివారం మధ్యాహ్నం 2:10

నేను వైజాగ్‌లో యూ-గి-ఓ అనే ఇంకో కార్డుల ఆట ఆడతాను. చదువుతుంటే ముచ్చటేస్తోంది, ఎందుకంటే మా ఆటలో ట్రిగ్గర్ "ఎదురుచూడటం" అనేదానికి పూచీ లేదు. సమయం తప్పితే అది పోయినట్టే. మేం దీన్ని మిస్సింగ్ ద టైమింగ్ అంటాం.

పీటెన్ ద డార్క్ క్లౌన్ అనే మాన్‌స్టర్ ఉంది. గ్రేవ్‌యార్డ్‌కి వెళ్ళినప్పుడు, ఇష్టమైతే దాన్ని బానిష్ (మీ ఎగ్జైల్ లాంటిదే) చేసి ఇంకో పీటెన్‌ని చేతిలోంచో డెక్‌లోంచో స్పెషల్ సమన్ చేయొచ్చు, అంటే బోర్డు మీదకి దింపొచ్చు. యుద్ధంలో చస్తే హాయిగా పనిచేస్తుంది. అదే పీటెన్‌ని ట్రిబ్యూట్ (బలి) ఇచ్చి పెద్ద మాన్‌స్టర్‌ని సమన్ చేశామంటే పనిచేయదు. ఎందుకంటే చివరిగా జరిగింది సమన్, పీటెన్ గ్రేవ్‌యార్డ్‌కి వెళ్ళడం అంతకు ముందే అయిపోయింది. కార్డు మీద "వెన్" అని ఉండి, "యు కెన్" అని ఐచ్ఛికంగా ఉంటే, ఆ సంఘటనే ఆఖరిగా జరిగి ఉండాలి. "ఇఫ్" అని ఉంటే ఆ బెంగ లేదు, చైన్ (మీ స్టాక్ లాంటిది) మొత్తం అయ్యాక కూడా పనిచేస్తుంది. తప్పనిసరి ఎఫెక్ట్ అయితే ఎలా రాసినా తప్పిపోదు. శాంగన్ అందుకే ఇన్నేళ్ళుగా నమ్మకమైన కార్డు.

2011 నుంచి మా ఆట కంపెనీ కొనామీ కార్డుల రాత మార్చింది. కోలన్ ముందు ఉన్నది ఎప్పుడు వాడొచ్చో చెప్పే షరతు. సెమీకోలన్ ముందు ఉన్నది యాక్టివేట్ చేసేటప్పుడే చేయాల్సిన పని. ఖర్చు కట్టడం, టార్గెట్ చేయడం అన్నీ అక్కడే. దాని తర్వాతది రిజాల్వ్ అయ్యేటప్పుడు జరిగేది. ఇది పట్టుబడితే కార్డు చదవడం సగం వచ్చినట్టే.

డాలస్_తెలుగు | ఆదివారం మధ్యాహ్నం 2:48

@చైన్‌లింక్_వన్ పీటెన్ రూల్ నాకు ఎప్పటికీ మింగుడుపడదు బ్రో. మాన్‌స్టర్ గ్రేవ్‌యార్డ్‌కి వెళ్ళింది అనేది కళ్ళ ముందు జరిగిన నిజం. దాని తర్వాత ఇంకేదో జరిగిందని అది జరగనట్టు చేయడం ఏంటి? మ్యాజిక్‌లో ఒక స్పెల్ రిజాల్వ్ అవుతూ మధ్యలో పది ట్రిగ్గర్లు అయినా అన్నీ దాచిపెట్టి చివర్లో స్టాక్ మీద పెడతారు. ఒక్కటీ పోదు.

చైన్‌లింక్_వన్ | ఆదివారం మధ్యాహ్నం 3:15

ఆ రూల్ ఉంది కాబట్టే మేం ఎప్పుడు ఏ కార్డు వేయాలో లెక్క వేసుకుంటాం. ఎదుటివాడి "వెన్" ఎఫెక్ట్‌ని నెగేట్ (రద్దు) చేసే కార్డు నా దగ్గర లేకపోయినా, ఆ సంఘటనని చైన్ మధ్యలోకి నెట్టగలిగితే చాలు, అతనికి అవకాశం పోతుంది. ఇది కూడా ఒక ఆయుధమే.

ఇంకో తేడా ఉంది. మా చైన్ ఒకసారి రిజాల్వ్ అవడం మొదలైతే మధ్యలో ఎవరూ ఏమీ కలపలేరు, చివరి లింక్ నుంచి మొదటి లింక్ దాకా ఆగకుండా వెళ్తుంది. మీ స్టాక్‌లో ఒక్కొక్కటి రిజాల్వ్ అయ్యాక మళ్ళీ ప్రయారిటీ వస్తుంది కదా. ఉప్పల్ అన్న చెప్పిన రింగ్ కథ మా ఆటలో జరగదు. రెండో ట్రిగ్గర్ మధ్యలో దూరలేదు, చైన్ అంతా అయ్యాక కొత్త చైన్‌లోనే వస్తుంది.

డాలస్_తెలుగు | ఆదివారం సాయంత్రం 4:02

ఆ చివరి మాట బాగుంది, అలా ఎప్పుడూ ఆలోచించలేదు. మొదటి దాని మీద మాత్రం నా అభిప్రాయం అదే.

రవ్వదోశ_88 | ఆదివారం సాయంత్రం 5:30

మేం ఎక్కువగా మ్యాజిక్‌లోనే కమాండర్ అనే పద్ధతి ఆడతాం, నలుగురం. ఒకేసారి ఇద్దరి ట్రిగ్గర్లు వస్తే ఎవరిది ముందు? మా దగ్గర గట్టిగా అరిచినవాడిదే ముందు అవుతోంది.

నీలిదీవి | ఆదివారం సాయంత్రం 6:14

ఎవరి టర్న్ నడుస్తోందో వాళ్ళు తమ ట్రిగ్గర్లన్నీ తమకు నచ్చిన వరసలో ముందు స్టాక్ మీద పెడతారు. తర్వాత టర్న్ వరసలో మిగతావాళ్ళు ఒక్కొక్కరుగా. ముందు పెట్టినవాళ్ళది అడుగున ఉంటుంది కాబట్టి చివర రిజాల్వ్ అవుతుంది. అందరికంటే ఆఖర్న పెట్టినవాళ్ళదే ముందు జరుగుతుంది.

ఇది ఎంత ప్రమాదమో ఇద్దరి ఆటలో చూడండి. ఇద్దరికీ తలా ఒక బ్లడ్ ఆర్టిస్ట్, తలా 1 లైఫ్. మీ టర్న్‌లో మీరు రాత్ ఆఫ్ గాడ్ వేశారు. క్రీచర్లన్నీ ఒకేసారి చచ్చాయి. చచ్చేటప్పుడు ట్రిగ్గర్ అయ్యే ఎబిలిటీలు వెనక్కి తిరిగి, చావుకి ముందు బోర్డు ఎలా ఉందో చూస్తాయి. కాబట్టి ఒక్కో బ్లడ్ ఆర్టిస్ట్ తన చావునీ, పక్కదాని చావునీ రెండిటినీ లెక్కపెడుతుంది. మీకు రెండు ట్రిగ్గర్లు, అతనికి రెండు. మీవి అడుగున, అతనివి పైన. అతని మొదటిది రిజాల్వ్ అవగానే మీ లైఫ్ 0. రాత్ వేసినవాళ్ళే ఓడిపోతారు. అదే రాత్ అతని టర్న్‌లో అతను వేసి ఉంటే గెలుపు మీది.

రవ్వదోశ_88 | ఆదివారం సాయంత్రం 6:40

ఇది ప్రింట్ తీసి టేబుల్ మీద పెడతాను. ఇంకోటి, ఫెలిడార్ సావరిన్ అనే క్రీచర్. మన అప్‌కీప్ (టర్న్‌లో డ్రాకి ముందు దశ) మొదట్లో 40 లేదా అంతకంటే ఎక్కువ లైఫ్ ఉంటే గెలుపు. కమాండర్‌లో మొదలే 40 తో కదా, దిగితే చాలు గెలిచినట్టేనా?

డాలస్_తెలుగు | ఆదివారం రాత్రి 7:25

దిగిన తర్వాత మీ అప్‌కీప్ దాకా అది బతకాలి, ఆ లోపు మిగతా ముగ్గురూ ఊరుకోరు. దాంట్లో గమనించాల్సింది మధ్యలో ఉన్న షరతు. "అప్‌కీప్ మొదట్లో, 40 ఉంటే, గెలుపు." ఇలా సంఘటన పక్కనే షరతు ఉంటే దాన్ని రెండుసార్లు చూస్తారు. ట్రిగ్గర్ అవ్వాల్సిన క్షణంలో ఒకసారి, రిజాల్వ్ అయ్యేటప్పుడు ఇంకోసారి. అప్‌కీప్ మొదలయ్యే క్షణానికి 39 ఉంటే అసలు ట్రిగ్గరే అవ్వదు, ఆ అప్‌కీప్‌లోనే ఇంకో 5 లైఫ్ తెచ్చుకున్నా లాభం లేదు. 41 ఉంటే ట్రిగ్గర్ అవుతుంది, కానీ ఎవరైనా లైట్నింగ్ బోల్ట్ వేసి 38 చేస్తే రిజాల్వ్ అయ్యేటప్పుడు ఏమీ జరగదు. కాబట్టి సావరిన్‌ని చంపాలని కంగారు పడొద్దు. ట్రిగ్గర్ స్టాక్ ఎక్కాక దాన్ని చంపినా ప్రయోజనం లేదు, లైఫ్ తగ్గించాలి.

ఉప్పల్_ప్లేయర్ | ఆదివారం రాత్రి 8:03

ట్రిగ్గర్ మర్చిపోతే? మా గ్రూప్‌లో ఒకరు నా సోల్ వార్డెన్ (ఇంకో క్రీచర్ దిగినప్పుడల్లా లైఫ్ ఇచ్చే కార్డు) లైఫ్ నేను మర్చిపోయినప్పుడు గుర్తుచేయరు, రెండు టర్న్‌లు అయ్యాక "నువ్వే అడగలేదు" అంటారు.

డాలస్_తెలుగు | ఆదివారం రాత్రి 8:37

ఇక్కడ నేను ఆడే పెద్ద టోర్నమెంట్లలో అయితే ఆయన చేసేది రూల్ ప్రకారమే. ఎవరి ట్రిగ్గర్ వాళ్ళ బాధ్యత, ఎదుటివాళ్ళు గుర్తుచేయక్కర్లేదు. మర్చిపోయినట్టు కాసేపటికి తేలితే, దాన్ని స్టాక్ మీద పెట్టాలా వద్దా అనేది ఎదుటి ప్లేయర్ ఇష్టం. మరీ పాతదైతే వదిలేయడమే. అబద్ధం చెప్పడం, కావాలని తన ట్రిగ్గర్‌నే దాచడం మాత్రం వేరే లెక్క, అది మోసం.

గోదారి_గ్రీన్ | ఆదివారం రాత్రి 9:10

స్నేహితుల టేబుల్ మీద ఆ రూల్ తేవడం నాకు అస్సలు నచ్చదు. సోల్ వార్డెన్‌ది "ఇష్టమైతే" అని లేని ఎబిలిటీ, ఇంకో క్రీచర్ దిగిన ప్రతిసారీ లైఫ్ రావాల్సిందే. ఎదుటివాడు మర్చిపోయాడని తెలిసి మౌనంగా కూర్చుని గెలిస్తే ఆ గెలుపులో నా ఆట ఏముంది? ఉప్పల్ గారూ, ఒక చిన్న పని చేయండి. ట్రిగ్గర్ ఉన్న కార్డు మీద ఒక డైస్ పెట్టుకోండి. డెక్ మీద కూడా ఒకటి పెడితే అప్‌కీప్ ట్రిగ్గర్ గుర్తుండగానే డ్రా చేస్తారు.

డాలస్_తెలుగు | ఆదివారం రాత్రి 9:22

స్నేహితుల మధ్య నేనూ గుర్తుచేస్తానండి. టోర్నమెంట్‌లో మాత్రం ట్రిగ్గర్లు గుర్తుపెట్టుకోవడం కూడా నైపుణ్యమే అనుకుంటాను. ఇక్కడ మనిద్దరికీ కుదరదేమో.

ఉప్పల్_ప్లేయర్ | ఆదివారం రాత్రి 9:50

డైస్ ఐడియా బాగుంది గోదారి గారూ. ఆఖరి ప్రశ్న, తర్వాత పడుకుంటాను. టోకెన్లు (డెక్‌లోని కార్డులు కాకుండా ఎఫెక్ట్‌ల వల్ల పుట్టే క్రీచర్లు) చచ్చినా బ్లడ్ ఆర్టిస్ట్ ట్రిగ్గర్ అవుతుందా? అవి గ్రేవ్‌యార్డ్‌లో ఉండవు కదా.

నీలిదీవి | ఆదివారం రాత్రి 10:06

అవుతుంది. టోకెన్ కూడా ముందు గ్రేవ్‌యార్డ్‌కి వెళ్తుంది, ట్రిగ్గర్‌కి అంతే కావాలి. ఆ తర్వాత స్టేట్ బేస్డ్ యాక్షన్స్‌లో మాయమవుతుంది. బోర్డు మీద రెస్ట్ ఇన్ పీస్ ఉంటే మాత్రం అవ్వదు. గ్రేవ్‌యార్డ్‌కి వెళ్ళాల్సినవన్నీ దాని వల్ల నేరుగా ఎగ్జైల్‌కి పోతాయి, కాబట్టి ఎవరూ చచ్చినట్టు లెక్క కాదు. నీ డెక్‌లో బ్లడ్ ఆర్టిస్ట్ ఉంటే ఎదుటివాళ్ళ రెస్ట్ ఇన్ పీస్ కోసం ఒక డిసెన్‌చాంట్ నువ్వూ పెట్టుకో.